స్పర్శపఠనము

ఉబ్బెత్తుగా నున్న అక్షరములను వ్రేలికొనలతో తడవి చదువుటకు స్పర్శపఠనమని పేరు. అంధులకు విద్య నొసగవలెనను సంకల్పముతో పారిస్ నగరమున పాఠశాల నెలకొల్పిన వాలెంటిన్ హాయ్, రోమన్ అక్షరములనే దళసరి కాగితముపై పొంగునట్లు అచ్చొత్తించి, 1786లో ఒక గ్రంథమును వెలువరించెను. కంటికై రూపొందిన అక్షరమును వ్రేలికి అప్పగించుటయందే ఈ పద్ధతి లోపమంతయు ఇమిడియున్నది. వంపుల వెంబడి వ్రేలు తిరిగి తిరిగి ఒక్కొక్క అక్షరమును పోల్చుకొనవలసి వచ్చుటయే గాక, పిల్లలు చదువ నేర్చిరే కాని తమంత తాము వ్రాయుటకు వీలు లేకపోయెను.

1821లో చార్లెస్ బార్బియే అను ఫ్రెంచి సైనికోద్యోగి, ధ్వనులను చుక్కలతో సూచించు లిపి నొకదానిని ఆ పాఠశాలకు సమర్పించెను. గీతకన్న చుక్క వ్రేలికి సులభగ్రాహ్యమను రహస్యము అందు కలదు గాని, నిలువున ఆరేసి చొప్పున రెండు వరుసల చుక్కలకు తావు కావలసియుండుటచే, గుర్తు వ్రేలికొనకు ఒక్కసారిగా అందకుండెను. జీనులు కుట్టు తండ్రి కొట్టులో మూడేండ్ల ప్రాయమున పనిముట్టు కంట గ్రుచ్చుకొని, క్రమముగా రెండు కన్నుల చూపును కోల్పోయిన లూయీ బ్రెయిలీ, ఆ పాఠశాల విద్యార్థియై, పదునైదవ యేటనే చుక్కలను ఆరింటికి తగ్గించి, 1829లో తన పద్ధతిని ప్రకటించెను. ఆ ఆరింటి కూర్పులచే 63 గుర్తులు లభించును. కొంతకాలము పాఠశాలాధికారులు నిషేధించినను విద్యార్థులు దానిని విడువలేదు. ఫ్రాన్సు ప్రభుత్వము అంగీకరించినది 1854లో, అనగా బ్రెయిలీ గతించిన రెండేండ్లకు.

ఆరు చుక్కలే ఏల నిలిచెనను ప్రశ్నకు సమాధానము చర్మమునందున్నది. 1834లో జర్మను శాస్త్రజ్ఞుడు వేబర్, వృత్తలేఖిని మొనలు రెండింటిని దేహమున పలుచోట్ల ఆనించి పరీక్షింపగా, వ్రేలికొన సుమారు 2 మిల్లీమీటర్ల ఎడమున్న మొనలను సైతము వేరువేరుగా గుర్తించెను. వీపున అంతకు ఎన్నో రెట్లు ఎడముగా నున్నను అవి ఒకటిగనే తోచెను. బ్రెయిలీ చుక్కల నడిమి దూరము దాదాపు 2.5 మిల్లీమీటర్లు: మిక్కిలి దగ్గరైనచో చుక్కలు కలిసిపోవును, మిక్కిలి ఎడమైనచో గుర్తు వ్రేలు దాటిపోవును. నిలిచిన వ్రేలికి చుక్కలు స్ఫుటముగా తెలియవు. అది ఎడమనుండి కుడికి తేలికగా జరుగుచుండవలెను. గట్టిగా నొక్కుట క్రొత్తగా నేర్చువారి దోషము. అంధులకు పుట్టుకతోనే చర్మము సున్నితమను లోకవాదమున పస లేదు. ఆ నేర్పు సాధనచేత అబ్బునది.

భారతదేశమున పలు పద్ధతులు పుట్టి చిక్కు లేర్పడగా, 1951లో ఉమ్మడిగా భారతీ బ్రెయిలీ రూపొందెను. అందు తెలుగు ‘క’కును హిందీ ‘క’కును గుర్తు ఒక్కటే. గుడి, కొమ్ము మొదలగునవియు ఒత్తులును హల్లుపైనను క్రిందను చేరక, ప్రక్కప్రక్క గళ్లలో వరుసగా నిలుచును. ‘శక్తి’ అను మాటకు శ, పొల్లు గుర్తు, క, త, ఇ అని ఐదు గళ్లు పట్టును.