ప్రతిపాదన ఆమోదంలో జాప్యం: జీవిత బీమా క్లెయిమ్ వివాదాలు

ప్రపోజల్ ఫారం నింపి, మొదటి ప్రీమియం కట్టిన వ్యక్తి బీమా సంస్థ నిర్ణయం వెలువడేలోపే మరణిస్తే తలెత్తే వివాదాలివి. డబ్బు పుచ్చుకున్నారంటే ఒప్పుకున్నట్టేనన్నది కుటుంబం వాదన. ఆమోదించేదాకా అది డిపాజిట్ మాత్రమేనన్నది సంస్థ వాదన.

తొలి తీర్పులు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిపాదనకు ఆమోదం తోడైతేనే ఒప్పందం. ఇంగ్లండులో 1886 నాటి కానింగ్ కేసులో సంస్థ సమ్మతి తెలిపినా, ప్రీమియం కట్టేదాకా బీమా వర్తించదంది. ఈలోగా దరఖాస్తుదారు కొండ అంచు నుంచి పడి తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తర్వాత తెచ్చిన ప్రీమియాన్ని సంస్థ తీసుకోలేదు. కోర్టు సంస్థనే సమర్థించింది.

మచిలీపట్నం కేసు

భారతదేశంలో ప్రామాణికమైన తీర్పు ఆంధ్రప్రదేశ్‌లోని మచిలీపట్నం నుంచి వెళ్లిన కేసులో వచ్చింది. 1960 డిసెంబర్ 27న ఒకరు ఎల్ఐసీకి రూ.50,000 ప్రతిపాదన ఇచ్చి, అదే రోజు వైద్య పరీక్ష చేయించుకున్నారు. ప్రీమియం కింద ఇచ్చిన రెండు చెక్కుల్లో ఒకటి పలుమార్లు తిరిగొచ్చి, చివరకు 1961 జనవరి 11న చెల్లింది. మర్నాడే ఆయన మరణించారు. అంత మొత్తం ప్రతిపాదనను ఆమోదించాల్సిన డివిజనల్ మేనేజర్ అప్పటికి నిర్ణయం తీసుకోలేదు. కింది కోర్టు దావా కొట్టేయగా, హైకోర్టు కుటుంబం పక్షాన నిలిచింది. 1984లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది: ప్రీమియం పుచ్చుకుని అట్టే పెట్టుకున్నంత మాత్రాన, లేదా జవాబివ్వకుండా ఊరుకున్నంత మాత్రాన ఆమోదించినట్టు కాదు.

తర్వాతి పరిణామాలు

2002లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ, ప్రతిపాదన అందిన 15 రోజుల్లోగా నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపాలని నిబంధన పెట్టింది. 2018లో డి. శ్రీనివాస్ వర్సెస్ ఎస్‌బీఐ లైఫ్ కేసులో సుప్రీంకోర్టు 1984 నాటి సూత్రాన్ని కాదనకుండానే, దాన్ని గుడ్డిగా వర్తింపజేయరాదని చెప్పింది. గృహరుణంతో ముడిపడిన ఆ బీమాలో ప్రీమియం తీసుకున్న సంస్థ, తిరస్కరించే పనైతే సమంజసమైన గడువులోగా ఆ మాట చెప్పాల్సిందని, పరిస్థితులను బట్టి ఆమోదం ఉన్నట్టే భావించాలని తేల్చి, క్లెయిమ్‌ను అనుమతించింది.

2024లో అదే నియంత్రణ సంస్థ (ఇప్పుడు ఐఆర్‌డీఏఐ) వివాదం మూలాన్నే తాకింది. ప్రీమియం కట్టగానే రిస్కు మొదలయ్యే పాలసీలకు తప్ప, ప్రపోజల్‌తోపాటే డబ్బు వసూలు చేయవద్దని ఆదేశించింది.