ఉపగ్రహ పటంలో ఊరి చెరువు

వాల్మీకిపురం: వానకు నిండి వేసవికి ఎండే చెరువులే పూర్వపు వాయల్పాడు, నేటి వాల్మీకిపురం పరిసర పల్లెలకు ఆధారం. చెరువు నిండితేనే దిగువ బావుల్లో ఊట, పశువులకు నీరు, చేపలకు, పక్షులకు తావు. వంకలు పూడినా, చెరువు గర్భం ఆక్రమణకు గురైనా ఆ నష్టం ఏళ్ల తరబడి జరుగుతుంది గనుక వెంటనే కంటికి కనిపించదు. కేంద్ర జలశక్తి శాఖ 2023లో వెల్లడించిన తొలి గణన ప్రకారం రాష్ట్రంలో 1,90,777 జలవనరులు ఉన్నాయి. వాటిలో వచ్చిన మార్పులను ఇంటర్నెట్‌లో ఉచితంగా పరిశీలించవచ్చు.

ఎక్కడ చూడాలి?

* భువన్: ఇస్రో 2009లో ప్రారంభించింది. ఇందులో చెరువు విస్తీర్ణాన్ని కొలవవచ్చు.

* గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్: ఐరోపా సంఘం పరిశోధన కేంద్రం 2016లో విడుదల చేసింది. 1984 నుంచి ఎక్కడ ఎంత తరచుగా నీరు నిలిచిందో రంగుల్లో చూపుతుంది.

* కోపర్నికస్ బ్రౌజర్: సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలను కొద్ది రోజులకోసారి అందిస్తుంది.

* ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్: వర్షపాతం, భూగర్భ జలమట్టం వివరాలు లభిస్తాయి.

ఎలా చదవాలి?

కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని నీరు పీల్చుకుంటుంది. అందువల్ల ఆ చిత్రంలో నీరు నల్లగా, పైరు కాంతిమంతంగా కనిపిస్తాయి. గుర్రపుడెక్క కమ్మిన చెరువు పైరుపొలంలా కనబడి పొరబడే అవకాశం ఉంది. 1984 నాటి నుంచి ఉన్న పటాల్లో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, అంటే సుమారు 22 సెంట్లు. కనుక చిన్న కుంటలు, సన్నని కాలువలు వాటిలో కానరావు. సెంటినెల్-2 చుక్క 10 మీటర్ల చదరం, అంటే రెండున్నర సెంట్లు.

వేసవి చిత్రాన్ని కార్తీక మాసపు చిత్రంతో పోల్చరాదు. వేర్వేరు సంవత్సరాల్లో ఒకే నెల చిత్రాలను, ఆయా ఏళ్ల వర్షపాతంతో కలిపి చూడాలి. వాన బాగా కురిసిన ఏడు కూడా చెరువు నిండకపోతే వంకలు, కాలువలను పరిశీలించవలసి ఉంటుంది. నీటిలోని ఫ్లోరైడ్ ఉపగ్రహానికి కనిపించదు. దానికి ప్రయోగశాల పరీక్షే మార్గం.

నీరు నిలిచిన జాడను మాత్రమే పటం చూపుతుంది. చెరువు హద్దును నిర్ణయించేది సర్వే. ఆక్రమణపై అర్జీ ఇచ్చేవారు ఉపగ్రహ చిత్రంతో పాటు గ్రామ పటాన్ని, సర్వే నంబరును జతచేయడం మేలు.