ఎన్నారై

'నాన్ రెసిడెంట్ ఇండియన్' మొదటి అక్షరాలు కలిసి తెలుగులో ఎన్నారై అయ్యాయి. వికారాబాద్, తాండూరు వైపు ఆ మాట అంటే అమెరికా ఉద్యోగే గుర్తొస్తాడు. గల్ఫ్‌లో కూలిచేసేవాడు 'దుబాయ్ పోయినోడు'. ఆదాయపు పన్ను చట్టానికి ఈ అంతస్తుల పట్టింపు లేదు, అది రోజులు లెక్కపెడుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఇక్కడున్నది 182 రోజులకు తక్కువైతే, సాధారణంగా ఇద్దరూ ఎన్నారైలే. (ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే సెలవుకొచ్చినవారికి 120 రోజుల లెక్క వేరు.)

దుబాయ్ జీతంపై ఇక్కడ పన్ను లేనప్పుడు పేరుతో పనేమిటనవచ్చు. పనుంది. తాండూరు కందిచేను రాబడికి పన్ను లేకున్నా, బండలు పరిచిన ఇల్లు అద్దెకిస్తే ఉంది. ఎన్నారైకి అద్దె కట్టేవారు ముందే పన్ను మినహాయించాలి. ఎక్కువ కోతపడితే యజమాని రిటర్ను వేసి వెనక్కి తీసుకోవాలి. ఎన్నారై అంటే అమెరికావాడేననుకునే కూలీ రిటర్నే వెయ్యడు.