కొండ కూజా మొక్కలు: విత్తన సాగు చరిత్ర

నెపంథిస్ ప్రజాతికి చెందిన కీటకాహార మొక్కలను కూజా మొక్కలంటారు. వీటి ఆకు నడిమి ఈనె కొస దాటి నులితీగలా సాగుతుంది. దాని చివర మూత ఉన్న కూజా ఏర్పడుతుంది. జారుడు అంచు మీద కాలు నిలవని చీమలు, ఈగలు లోపలి ద్రవంలో పడి జీర్ణమవుతాయి. నత్రజని తక్కువైన నేలలో మొక్కకు ఆ లోటు తీరేది ఇలాగే. 160కి పైగా ఉన్న జాతుల్లో సుమారు 1,000 మీటర్లకు పైన పెరిగేవాటిని పెంపకందారులు ‘హైలాండ్’ రకాలంటారు. వీటికి పగలు 20 నుంచి 27 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 15 డిగ్రీల ఉష్ణోగ్రత, ఎడతెగని తేమ కావాలి. చల్లని రాత్రిని ఎలా అమర్చాలన్నదే ఈ సాగు చరిత్ర పొడవునా ఎదురైన చిక్కు.

తొలి దశ

1658లో ఫ్రెంచి అధికారి ఎతియెన్ ద ఫ్లాకూర్ మడగాస్కర్‌లో చూసిన కూజా మొక్కను తన గ్రంథంలో వర్ణించాడు. 1737లో లిన్నేయస్ ఈ ప్రజాతికి నెపంథిస్ అని పేరు పెట్టాడు. హోమర్ కావ్యం ‘ఒడిస్సీ’లో దుఃఖాన్ని మరపించే పానీయం పేరు నుంచి దాన్ని తీసుకున్నాడు. 1789లో జోసెఫ్ బ్యాంక్స్ ద్వారా ఒక జాతి లండన్ సమీపంలోని క్యూ ఉద్యానానికి చేరింది.

బ్రిటన్‌లో మోజు

19వ శతాబ్దంలో వీచ్ నర్సరీ ఈ మొక్కలకు పేరెన్నికగన్నది. అక్కడి తోటమాలి జాన్ డొమినీ రూపొందించిన తొలి సంకరజాతిని 1862లో ప్రదర్శించారు. బోర్నియోలోని కినబాలు పర్వతంపై హ్యూ లో అనే అతను సేకరించిన నెపంథిస్ రాజాకు 1859లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ నామకరణం చేశాడు. 1878లో ఫ్రెడరిక్ బర్బిడ్జ్ దాని విత్తనాలను వీచ్ నర్సరీకి తెచ్చాడు. ఆ నారులో ఒక లేత మొక్కకు 1881లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ప్రథమ శ్రేణి పత్రం దక్కింది. అయితే ఉష్ణమండల మొక్క అనగానే వేడి గాజుగదిలో పెట్టడం నాటి అలవాటు. కొండ జాతులు ఆ ఉక్కను ఎక్కువకాలం తట్టుకోలేకపోయాయి. క్రమంగా వాటిపై మోజు తగ్గింది.

జపాన్ శాస్త్రవేత్త షిగెయో కురాటా 1976లో ప్రచురించిన కినబాలు నెపంథిస్‌ల గ్రంథంతో కొండ జాతులపై ఆసక్తి మళ్లీ పెరిగింది. ఆ తరువాత శుద్ధి చేసిన సీసాల్లో విత్తనాలు మొలిపించి, కణజాల వర్ధనంతో వేల మొక్కలు తయారుచేసే పద్ధతి వచ్చింది. అడవి మొక్కను పెకలించాల్సిన అవసరం తగ్గింది.

విత్తడం

ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి. రెండూ ఒకే కాలంలో పూస్తేనే విత్తనం దక్కుతుంది. దారపు పోగులాంటి ఆ విత్తనం గాలికి తేలిపోతుంది, కొద్ది నెలల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది. అందుకే తాజాగా ఉండగానే తడి స్ఫాగ్నమ్ నాచుపై చల్లి, మట్టి కప్పకుండా వెలుతురులో ఉంచుతారు. బోరు నీటి లవణాలు పనికిరావు, వాన నీరు మేలు. ఒకటి రెండు నెలల్లో మొలక వస్తుంది. బీజదళాల తరువాతి తొలి ఆకులకే చిట్టి కూజాలు కనిపిస్తాయి. నిండు కూజాలకు మాత్రం ఏళ్లు పడుతుంది.

భారతదేశంలో

మన దేశపు ఏకైక జాతి మేఘాలయలోని నెపంథిస్ ఖాసియానా. దీన్ని 1873లో హుకర్ వర్ణించాడు. గారో ప్రజలు ‘మెమాంగ్ కోక్సీ’ అంటారు, అంటే దయ్యాల బుట్ట. 1991 సవరణతో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చేరిన ఆరు రక్షిత మొక్కల్లో ఇదొకటి.

కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిస్థితులు

తెలంగాణ అడవుల్లో నెపంథిస్ సహజంగా పెరగదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి 1,000 మీటర్లకు ఎంతో దిగువన ఉన్న పీఠభూమి ప్రాంతాలు. ఇక్కడి చలికాలపు రాత్రులు కొండ జాతులకు నచ్చవచ్చు. కానీ నారు ఎదగడానికి పట్టే ఏళ్లలో ప్రతి ఏటా 40 డిగ్రీలు దాటే ఎండాకాలం ఒకటి వస్తుంది. అందువల్ల ఇక్కడ శీతలీకరించిన గాజుపెట్టె తప్పనిసరి. తెలుగు రాష్ట్రాల చిత్తడి నేలల్లో సహజంగా కనిపించే కీటకాహార మొక్కలు డ్రాసిరా, యుట్రిక్యులేరియా. వీటిలో డ్రాసిరా ఇండికా ఏకవార్షికం. ఎండలు ముదిరేలోగా విత్తనం రాల్చి, వేసవిని విత్తన రూపంలోనే దాటి, తిరిగి వానలకు మొలుస్తుంది.