కంపెనీ నాటకం ఒడిలో కొత్త నాటకం: బి.వి. కారంత్, లింగంపల్లి సురభి

హైదరాబాద్ నుంచి ముంబయి రహదారి మీద సంగారెడ్డి వైపు వెళ్తే లింగంపల్లి, రామచంద్రాపురం, పటాన్‌చెరు వరుసగా వస్తాయి. 1960లలో భెల్ కర్మాగారం, 1972లో ఇక్రిశాట్ వ్యవసాయ పరిశోధన సంస్థ, ఆపైన పారిశ్రామికవాడలు వచ్చి ఈ ప్రాంతం రూపురేఖలే మారిపోయాయి. ఈ కర్మాగారాల బెల్టు మొదట్లోనే, లింగంపల్లిలో, సురభి నాటక సమాజాల కళాకారుల కాలనీ ఉంది. మన ప్రయోగ నాటకాల చర్చ సాధారణంగా విశ్వవిద్యాలయాలు, పరిషత్తుల చుట్టూనే తిరుగుతుంది. కానీ తెలుగులో చెప్పుకోదగ్గ ప్రయోగం ఒకటి 1990లలో ఈ సురభి కుటుంబాలతో జరిగింది. దాన్ని నడిపించిన దర్శకుడు కన్నడిగుడైన బి.వి. కారంత్.

బాబుకోడి వెంకటరమణ కారంత్ 1929లో దక్షిణ కన్నడ జిల్లాలోని మంచి గ్రామంలో పుట్టారు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి గుబ్బి వీరన్న నాటక కంపెనీలో చేరారు. వేషాలు కట్టడం, రాగం పట్టడం, తెర వెనక పనులు అన్నీ అక్కడే అబ్బాయి. ఆ కుర్రవాడి ప్రతిభ చూసి వీరన్నే చదువుకోసం కాశీకి పంపారు. అక్కడ ఓంకారనాథ్ ఠాకూర్ వద్ద హిందుస్థానీ సంగీతం నేర్చుకున్నారు. 1962లో ఢిల్లీ జాతీయ నాటక పాఠశాల నుంచి పట్టభద్రులయ్యారు.

1970లలో ఆయన పేరు దేశమంతా మోగింది. బెంగళూరులో ‘బెనక’ బృందంతో ‘హయవదన’, ‘జోకుమారస్వామి’ ప్రదర్శించారు. 1977 నుంచి 1981 దాకా తాను చదివిన నాటక పాఠశాలకే డైరెక్టరుగా ఉన్నారు. 1979లో షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ను యక్షగాన రీతిలో ‘బర్నమ్ వన’గా హిందీలో మలిచారు. ఆ తర్వాత భోపాల్ భారత్ భవన్‌లో రంగమండల్ నాటక బృందాన్ని నడిపారు, 1989లో మైసూరులో రంగాయణ నాటక సంస్థకు ప్రాణం పోశారు. ఎక్కడ పనిచేసినా ఆయన పద్ధతి ఒకటే: ఆ నేల మీది ఆటనూ పాటనూ ముందు తాను నేర్చుకుని, తర్వాత దాని బలం ఎంతో పరీక్షించడం.

సురభి చరిత్ర 1885లో మొదలైంది. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలకు చెందిన వనారస గోవిందరావు కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’ ఆడించారు. ఆడవేషాలను మగవాళ్లే కట్టే రోజుల్లో సురభి స్త్రీలు వేదికెక్కారు. రంగుల తెరలు, తీగల మీద గాలిలో తేలే పాత్రలు, ఆకాశంలో ఢీకొనే బాణాలు ‘మాయాబజార్’ను ఊరూరా పండగ చేశాయి. సినిమా, ఆ వెనకే టీవీ వచ్చాక డేరాలు ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి. 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి నిలదొక్కుకున్న కొద్ది సమాజాల్లో ఒకటి.

కారంత్ ఈ సమాజంతో ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ రాసిన ‘సెచువాన్ మంచి మనిషి’కి తెలుగు రూపం. మూల కథలో ముగ్గురు దేవతలు ఒక మంచి మనిషి కోసం వెతుక్కుంటూ భూమికి వస్తారు. వాళ్లకు తలదాచుకునే చోటిచ్చింది ఒక వేశ్య. వాళ్లిచ్చిన డబ్బుతో ఆమె చిన్న పొగాకు దుకాణం పెట్టుకుంటే, అయినవాళ్లూ కానివాళ్లూ ఆమె మంచితనాన్ని పీల్చేస్తారు. తట్టుకోలేక ఆమె మగవేషం వేసి, కఠినుడైన బంధువుగా అవతరించి, చివరికి కర్మాగారం నడుపుతుంది. పేదరికంలో మంచిగా ఉండటమూ, బతికి బట్టకట్టడమూ ఒకేసారి సాధ్యమా అని నాటకం నిలదీస్తుంది. కూలిబస్తీలూ చిమ్నీలూ పక్కపక్కనే ఉన్న లింగంపల్లి, పటాన్‌చెరు దారిలో ఆ ప్రశ్న దూరదేశపుది కాదు.

ఈ ఎంపికలో కారంత్ చూపు తెలుస్తుంది. దేవతలు దిగిరావడం సురభి వేదికకు నిత్యకృత్యం. మన పురాణ నాటకంలో దేవుడు వస్తే కష్టం తీరుతుంది. బ్రెష్ట్ దేవతలు మాత్రం జవాబు చెప్పలేక వెనుదిరుగుతారు. పాట మధ్యలో కథను ఆపి నటుడు నేరుగా ప్రేక్షకులతో మాట్లాడటం బ్రెష్ట్ కోరుకున్న పద్ధతి. జనం వన్స్‌మోర్ అంటే కథ ఆపి పద్యం మళ్లీ ఎత్తుకోవడం మన కంపెనీ నటులకు ఏనాటి నుంచో అలవాటు. ఐరోపాలో సిద్ధాంతంగా వచ్చినది ఇక్కడ వృత్తి రహస్యంగా ముందే ఉంది. గుబ్బి కంపెనీలో పెరిగినవాడు కనుకే కారంత్ దాన్ని గుర్తుపట్టగలిగారు.

2002 సెప్టెంబర్ 1న కారంత్ కన్నుమూశారు. 2013లో సురభి ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరపు నాటకోత్సవంలో ప్రదర్శనలిచ్చింది. అదే ఏడాది శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి సారథి రేకందార్ నాగేశ్వరరావుకు పద్మశ్రీ దక్కింది. గౌరవాలు రావలసినవే. కానీ సురభిని కాపాడటమంటే ‘మాయాబజార్’ను ఏటా ఒకసారి ఆడించి చప్పట్లు కొట్టడం మాత్రమే అయితే మనం కారంత్ నుంచి ఏమీ నేర్చుకోనట్టే. పాత విద్య చేతిలో ఉన్న నటులకు కొత్త కథ ఇస్తే వాళ్లు దాన్ని మోయగలరని ఆయన చూపించారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని రంగస్థల శాఖ లింగంపల్లికి కూతవేటు దూరంలో ఉంది. అక్కడి దర్శకులు, ఇక్కడి కుటుంబాలు కలిసి ఏడాదికి ఒక కొత్త నాటకం కట్టాలి. దాని మొదటి ప్రదర్శన రవీంద్రభారతి కంటే ముందు పటాన్‌చెరు కార్మికుల ఎదుట జరగాలి.