చక్రరక్షకుని యెన్నిక



భారతయుద్ధమున అర్జునుని రథమున కిరుప్రక్కల ఇద్దరు వీరులు నిలిచియుండిరి. యుధామన్యుడు, ఉత్తమౌజుడు అని వారి పేరులు. చక్రరక్షకులని వారిని పిలుతురు. శత్రువు రథచక్రముల కడకు రాకుండ కాచుట వారి పని. అర్జునుని బాణములను కవులు వర్ణించిరి గాని, ఈ యిద్దరును ఎన్ని దెబ్బలు కాచిరో లెక్కించినవారు లేరు. నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో భారతకథ చెప్పితిని. వీరి సంగతి యడిగిన బాలుడొక్కడును నాకు తగులలేదు.

నేడు నేను చెప్పబోవునది అమెరికా దేశపు చక్రరక్షకులను గూర్చి. నిరుడు ఓహాయో రాష్ట్రమున మా అమ్మాయి యింట మూడు మాసములుంటిని. ప్రక్కయింటి బాలునకు పదునేడేండ్లు. ఆరడుగుల మూడంగుళముల పొడవు, నూటయిరువది కిలోల బరువు. తన పాఠశాల ఫుట్‌బాలు జట్టులో ముందువరుసవాడు. అక్కడ శుక్రవారపు రాత్రులందు దీపముల వెలుగున ఈ యాట జరుగును. మన తిరునాళ్లకువలె ఊరెల్ల కదలివచ్చును. ఒకనాడు నేనును పోయితిని. ఆట ముగిసిన పిమ్మట బాలుని తల్లి నాతో నేమో యనగా, మా అమ్మాయి తెలుగుచేసి చెప్పినది: "మా పిల్లవాడెట్లాడినాడని యడుగుచున్నది నాన్నగారూ." నేను రెండుగంటలసేపు బంతినే చూచితిని. బాలుడేమి చేసెనో నాకు తెలియదు. కన్నతల్లి యెదుట చెప్పుటకు మాట లేకపోయినది. ఆ సిగ్గుచేతనే ఈ విషయమును చదువ నారంభించితిని.

ఆట పద్ధతి కొంచెము చెప్పవలయును. ఇది మన పిల్లలు కాలితో తన్ను ఫుట్‌బాలు కాదు. పక్షమునకు పదునొకండుగురు. కోలబంతిని చేతబట్టి పరుగెత్తియో, విసరియో ముందునకు కొనిపోవుదురు. నాలుగు విడతలలో పదిగజములు సాగవలయును. సాగకున్న బంతి పరులపాలగును. బంతి గలవారి ముందు ఐదుగురు వరుసగా నిలుతురు. నడుమ సెంటరు, వాని కిరుప్రక్కల గార్డులు, ఆ వెలుపల టాకిళ్లు. ఎదిరివారు తమ నాయకునిపై బడకుండ అడ్డుకొనుటయే వీరి పని. సామాన్యముగా వీరు విసరిన బంతిని పట్టుటకును హక్కులేదు. పరుగెత్తినవానికి గజముల లెక్క, పట్టినవానికి పట్టుల లెక్క గలదు. ముందువరుసవానికి ఏ లెక్కయు లేదు. వాని సంఖ్యను బిగ్గరగా చాటుట చాలవరకు వాడు తప్పుచేసి శిక్షపడినపుడే.

లెక్కలేని పనిని చేయువానిని, అందులోను ఎముక ముదరని పదునేడేండ్ల వానిని, కళాశాలవారు ఏమి చూచి యెన్నుకొందురు? దీనికొక చరిత్ర యున్నది.

1869వ సంవత్సరము నవంబరు 6వ తేదీన న్యూ జెర్సీ రాష్ట్రమున రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలలు మొదటిసారి ఆడినవి. పక్షమునకు ఇరువదియైదుగురు. రట్గర్స్ ఆరు, ప్రిన్స్‌టన్ నాలుగు. నాడు ఎన్నికలేదు, చదువుకొనుచున్నవారిలో ఉత్సాహము గలవాడెల్ల ఆటగాడే. 1880లో యేలు కళాశాలకు చెందిన వాల్టర్ క్యాంపు పట్టున పదునొకండుగురి నియమమును, ఇరుపక్షములు ఎదురెదురుగా నిలుచు గీతయు ఏర్పడినవి. గీత యేర్పడగానే దానిని కాచువాడు కావలసివచ్చెను.

1888లో కాచువాడు చేతులు చాచి అడ్డుకొనరాదని నియమము చేసిరి. అంతవరకు చేతులు చాచి దూరదూరముగ నిలిచిన వరుస, భుజము భుజము ఆనునట్లు దగ్గరగా జరిగినది. నాటినుండి వెదకినది బలమైన భుజమును. పడ్జ్ హెఫెల్‌ఫింగర్ అను యేలు గార్డు 1889లో తొలిసారి ప్రకటించిన అఖిలామెరికా జట్టులో నొకడు. 1892 నవంబరు 12న పెన్సిల్వేనియాలో నొక సంఘమువారు ఒక్క ఆటకై వీనికి ఐదువందల డాలర్లిచ్చిరి. ఈ యాటలో సొమ్ము పుచ్చుకొని ఆడినట్లు లెక్కపుస్తకమున కెక్కిన మొదటివాడితడే. పరుగెత్తువాడు గాడు, ముందువరుసవాడు!

ఆ కాలముననే విలియం హెన్రీ లూయిస్ అను మరియొకడుండెను. నల్లజాతివాడు, తల్లిదండ్రులు దాస్యమున పుట్టి విముక్తి పొందినవారు. ఆమ్‌హెర్స్టులోను, పిమ్మట హార్వర్డు న్యాయశాస్త్ర విద్యార్థిగను సెంటరుగా ఆడి, 1892, 1893 సంవత్సరములందు అఖిలామెరికా జట్టున కెక్కెను. బరువున తక్కువవాడు, తెలివిని, చురుకుదనమును నమ్ముకొనినవాడు. ఆటను గూర్చి 1896లో ఒక పుస్తకము వ్రాసెను. 1911లో ఆ దేశపు సహాయ అటార్నీ జనరలు పదవిని పొందెను.

ఐయోవా రాష్ట్రపు డ్యూక్ స్లేటరు కథ నాకు మరింత ప్రీతి. అతని పాఠశాలలో తలకవచమును, బూట్లను ఎవరివి వారే కొనుక్కొనవలసి యుండెనట. మతాచార్యుడైన తండ్రికి రెండును కొనిపెట్టు శక్తి లేదు. ఏదో యొకటి కోరుకొమ్మనెను. బాలుడు బూట్లు కోరుకొనెను. బోడితలతో ఆడి, 1918 మొదలు 1921 వరకు ఐయోవా విశ్వవిద్యాలయమునకు టాకిలై, ఇరువది యాటలుగా ఓటమి యెరుగని నోటర్ డేం జట్టును 1921లో పది-యేడుతో ఓడించిన జట్టున నిలిచెను. పిమ్మట షికాగో నగరమున న్యాయాధిపతి యయ్యెను. ఐయోవావారి క్రీడాస్థలమునకు 2021లో ఆయన పేరు పెట్టిరి. ఈ పనికి తలకంటె పాదములు ముఖ్యమని ఆ బాలుడెట్లు గ్రహించెనో!

అయితే అందరు స్లేటరులకును ఆ భాగ్యము లేదు. దక్షిణ రాష్ట్రములందు చూచువారి కన్ను మొదట చర్మముపై బడి అక్కడనే ఆగిపోయెడిది. ఆగ్నేయ కళాశాలల సంఘమున 1967 వరకు ఒక్క నల్లజాతి బాలుడును ఫుట్‌బాలు ఆడలేదు. దక్షిణ కరొలైనాలో పుట్టిన ఆర్ట్ షెల్ అందుచేతనే దూరముననున్న మేరీలాండు రాష్ట్రపు చిన్న నల్లజాతి కళాశాలకు పోయెను. ఫ్లారిడాలో లారీ లిటిల్ బెథూన్-కుక్‌మన్ అను మరియొక చిన్న కళాశాలలో చదివెను. 1967లో వృత్తిజట్ల యెన్నికలో అతని పేరెవరును పలుకలేదు. షెల్ 1989లోను, లిటిల్ 1993లోను వృత్తిక్రీడాకారుల కీర్తిమందిరమున కెక్కిరి. వారిని చూడనివారు కొలబద్ద లేక చూడకపోయిరా? కాదు. కొలుచుటకే ఒల్లకపోయిరి.

ఇక డబ్బు సంగతి త్వరగా చెప్పెదను. కళాశాలలు బాలురను లోపాయికారిగా ఆశచూపి తెచ్చుకొనుచున్నవని 1929లో కార్నెగీ సంస్థవారు పెద్ద నివేదిక ప్రకటించిరి. 1956లో క్రీడాకౌశలమునకే విద్యార్థివేతన మీయవచ్చునని కళాశాలల జాతీయసంఘము నియమము చేసినది. 1973లో జట్టునకు 105 వేతనములకు మించరాదని హద్దు పెట్టి, 1994 నాటికి 85కు దించిరి. ఈ హద్దుచేత ఎన్నిక బరువెక్కెను. ఒక తప్పు బాలుని తెచ్చిన, ఒక సరియైన బాలుని స్థానము పోవును.

ఇంతలో ఆటయు మారెను. 1960 దశకపు నడిమిభాగమున ఎంతమందినైన మార్చుకొనుట కనుమతి దొరకగా, దాడికి వేరు, కాపుదలకు వేరు మనుష్యులేర్పడిరి. ముందువరుసవాడు కాచుట యొక్కటే నేర్చిన చాలును. 1978లో వృత్తిజట్ల సంఘమువారు చేతులు చాచి, అరచేతులు విప్పి అడ్డుకొనవచ్చునని నియమము మార్చిరి. తరువాత కళాశాలలును ఆ దారినే పట్టినవి. తొంబదియేండ్ల పిమ్మట 1888 నాటి కట్టు సడలినది. అంతట చూచువారి దృష్టి భుజమునుండి బాహువునకు జారినది. పొడుగుచేతులవాడు ముందుగా ఎదిరిని తాకును గదా! 1985 నవంబరు 18న వాషింగ్టను జట్టు నాయకుడు జో థైస్మన్ కాలు ఎదిరివాని తాకిడికి విరుగుట దేశమంతయు దూరదర్శనములో చూచినది. నాయకుడు కుడిచేతివాడైనచో వాని వెనుకవైపును కాచువాడు ఎడమ టాకిలు. ఆ స్థానమునకు అటుపిమ్మట వచ్చిన విలువ యింతింత కాదు.

ఆ పాఠశాల శిక్షకునితో ఒకనాడు మాటలాడితిని. ఆయన నన్ను చీకటిగదిలో కూర్చుండబెట్టి ఆట చిత్రము చూపెను. "బంతిని చూడకుడు, బంతి యటు పోయిన తరువాత వీడేమి చేయునో చూడుడు" అనెను. మొదట పాదములు: చిన్న చిన్న అడుగులతో నేలనంటి ప్రక్కకు జరుగుచున్నాడా? పిదప వంగుట: నడుము వంచువాడు బోరగిలపడును, మోకాలు వంచువాడు నిలుచును. అటుపై, ఎదిరిని తాకి విడుచునా, ఈల వినబడువరకు నెట్టుచునేయుండునా? కాలిచురుకు గలవాడని, శీతకాలమున వీడు బాస్కెట్‌బాలు ఆడునా, కుస్తీ పట్టునా, ఇనుపగుండు విసరునా యని కళాశాలవారు విచారింతురట. మార్కులును చూతురు. ఉపాధ్యాయులనే గాక, భోజనశాలలో వడ్డించు ఆమెను గూడ వీని నడవడి యడుగుదురట. ఈ కడపటి మాట నాకు మిక్కిలి నచ్చినది. సంతలో దూడను కొనువాడు కాళ్లు, గిట్టలు చూచుటయే గాక, దానిని మేపిన పిల్లవానిని ఒకప్రక్కకు పిలిచి మాటాడును గదా.

ఇన్ని చూచియు తప్పుదురు. బాలురకు రెండు మొదలు అయిదు వరకు చుక్కలువేసి జాబితాలు ప్రకటించువారున్నారు. ఆ చుక్కలన్నియు బూటకమనను. ఓహాయోకే చెందిన ఓర్లాండో పేసును చూచి పొరబడినవారు లేరు. ఎదిరిని వెల్లకిల పడవేయుటను అక్కడ 'అట్టు' అందురు; విశ్వవిద్యాలయమువారు వాని అట్లను లెక్కించి ప్రచారము చేసిరి! 1997లో వృత్తిజట్ల యెన్నికలో మొదటివాడాతడే. కాని 2013లో మొదటివాడైన ఎరిక్ ఫిషర్ పాఠశాలలో రెండు చుక్కలవాడు. పెద్ద కళాశాలలు తలుపు తట్టలేదు. సెంట్రల్ మిషిగను పిలిచినది. ఐయోవావారి రాబర్ట్ గాలరీ కళాశాలకు వచ్చినప్పుడు బంతిపట్టువాడు. బ్రాండన్ షెర్ఫ్ పాఠశాలలో కొంతకాలము బంతివిసరు నాయకుడు. ఇరువురును ముందువరుసకు మారి, దేశమున కెల్ల ఉత్తముడైన వరుసవానికిచ్చు ఔట్లాండు బహుమానమును 2003, 2014 సంవత్సరములలో గెలిచిరి. ఓహాయోకే చెందిన జేసన్ కెల్సీ సిన్సినాటి విశ్వవిద్యాలయమున వేతనము లేకయే, వేరొక స్థానమునకై చేరి, వరుసలోనికి మారి, 2011లో ఆరవవిడత యెన్నికలో 191వ వాడై, 2024లో విరమించునాటికి తన కాలపు సెంటరులలో మేటియని పేరుగాంచెను. వీరందరును పదునేడవయేట ఏదో యొక కొలతకు చాలనివారే.

నాకును ఒక సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. నత్తిగలవాడని యొక బాలుని నేను పద్యపఠనపు వరుసనుండి తొలగించితిని. ఇరువదియేండ్ల పిమ్మట ఒక గ్రామమున హరికథ వినబోగా చెప్పువాడు వాడే. నత్తి యెక్కడను లేదు. కథ ముగించి వచ్చి నాకు నమస్కరించెను. నేను పద్యముల మాట యెత్తలేదు, వాడును ఎత్తలేదు.

ప్రక్కయింటి బాలుని సంగతి చెప్పి ముగించెదను. జూనుమాసమున వాడు ఒక కళాశాల శిబిరమునకు పోయెనట. కొలిచిరి. చేయి ముప్పదిరెండు అంగుళములు. టాకిలునకు ముప్పదినాలుగు కోరుదురు. "చేయి చాలదు, గార్డుగా చూతము" అనిరి. అటుపై ఉత్తరము రాలేదు. 2018 నుండి కళాశాలనుండి కళాశాలకు మారదలచిన ఆటగాండ్ల పేర్లు ఒకచోట చేర్చు పద్ధతి వచ్చినది. పెద్దజట్లు పండిన ఇరువదిరెండేండ్లవానిని అక్కడ తెచ్చుకొని, పచ్చిబాలుని పెంచు ఓపికను తగ్గించుకొనుచున్నవి. 2025లో వేతనముల హద్దు తీసి, జట్టున 105 మందికి మించరాదను హద్దు పెట్టిరి. వేతనములేక చేరి నాలుగేండ్లు కాచుకొని పైకివచ్చు కెల్సీవంటివారికి ఇక త్రోవ యిరుకు. ఆ రాష్ట్రముననే ఒక చిన్న కళాశాలవారు మాత్రము వచ్చి, వాని తల్లితో వంటయింట కూర్చుండి మాటాడిపోయిరి. వాడింకను సమాధానము చెప్పలేదు.

డిసెంబరు మొదటివారమున నేను బయలుదేరితిని. రాత్రి మంచు కురిసి వాకిలి గాజువలె గట్టిపడినది. మా అల్లునకు సాయముగ ఆ బాలుడు వచ్చి, నా రెండు పెట్టెలను రెండుచేతుల నెత్తి కారుకడకు నడచెను. మోకాళ్లు కొంచెము వంచి, చిన్నచిన్న అడుగులు వేయుచు పోయెను. వాకిట నిలిచిన వాని తల్లిని పిలిచి, వాని పాదములను చూపితిని. మా అమ్మాయి లోపలనుండుటచేత తెలుగుచేయు వారెవరును లేరు. ఆమె చూచి తలయూపినది.