ఎవరి పాలసీలో ఎవరి పేరు?

కట్టడాల కాంట్రాక్టరు తీసుకునే బాధ్యతా బీమాలో పని అప్పగించిన యజమాని పేరునూ చేర్చడం నేటి రివాజు. దాని వెనకున్న ఆలోచన మన చట్టాల్లో పాతదే. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకిచ్చిన యజమాని, ఆ పనిలో గాయపడిన కూలీకి తానే పరిహారం చెల్లించాల్సి వచ్చేది. ఆ సొమ్మును తర్వాత కాంట్రాక్టరు నుంచి రాబట్టుకునే వీలుండేది. కాంట్రాక్టరు చేతులెత్తేస్తే? అందుకే పాలసీలో పేరు.

ఎవరి పాలసీలో ఎవరి పేరన్న ఇదే ప్రశ్నను ఖాదీకి పేరుపడ్డ పొందూరు కింది నుంచి వేస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, ఇంట్లోనే సన్ననూలు వడికే మహిళ ఎవరి ఉద్యోగి? 1949లో ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఆ నూలుకు గిరాకీ నిలిపింది. 2003లో ఖాదీ కమిషన్, ఎల్‌ఐసీ తెచ్చిన జనశ్రీ బీమా పథకం ఖాదీ సంస్థల ద్వారా వడికేవారిని, నేసేవారిని చేర్చి, ప్రీమియంలో సంస్థకూ వాటా పెట్టింది. ఒకటి బాధ్యతా బీమా, మరొకటి జీవిత బీమా, పోలికేమిటని అడగవచ్చు. నిజమే, చెల్లింపులు వేరు. కానీ రెండింటిలోనూ ఒకరు ఏర్పాటు చేసిన పాలసీ మరొకరికి రక్షణ ఇస్తుంది. తేడా దిశలో ఉంది: కట్టడంలో అది పైవాడిని కాస్తుంది, పొందూరులో కిందివారిని కాచింది. రెండోదే న్యాయానికి దగ్గర.